చప్పుడు చేసే బటన్లు

నేను చదివింది ఐదో తరగతి. ఉత్తరం ముక్క తప్ప ఇంకేమీ రాసి ఎరగను. ఎలా రాయాలో తెలియదు కాబట్టి జరిగింది జరిగినట్టు వరసగా చెబుతాను.

మా ఆయన నూజివీడు మామిడి మార్కెట్లో దళారి. తోట రైతుకీ, ఉత్తరాది నుంచి వచ్చే వ్యాపారికీ మధ్య బేరం కుదర్చడం ఆయన పని. ఆ బేరం నోటితో చెయ్యరు. దళారీ, వ్యాపారీ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే ఎంత ధరో వాళ్ళకి తెలుసు. చుట్టూ జనం నిలబడి చూస్తున్నా సంగతి ఆ ఇద్దరి మధ్యే ఉంటుంది. తువ్వాలు తీసేశాక మాట మార్చకూడదు. అక్కడి కట్టుబాటు అది.

ఎనభైల ఆఖర్లో ఒక వేసవి. రెడ్డిగూడెం రైతు ఒకాయన బంగినపల్లి కాయ తెచ్చారు. వ్యాపారి తువ్వాలు కింద మూడు వేళ్ళు పట్టుకున్నాడు. మా ఆయన నాలుగనుకున్నారు. తువ్వాలు తీసి రైతుకి ఆ నాలుగు వేళ్ళ ధరే చెప్పేశారు. ఇక వెనక్కి లేదు. తేడా డబ్బు ఆయనే పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు.

"మూడో నాలుగో తెలియలేదే," అన్నారు.

"తెలియకపోవడమేంటండీ?"

"తెలియలేదు. అంతే."

అప్పటికి చాలా రోజులుగా రెండు చేతుల వేళ్ళూ మొద్దుబారుతున్నాయట. నాకు చెప్పలేదు. చక్కెర జబ్బు ముందునుంచే ఉంది. డాక్టరుగారు చూసి, వేళ్ళు కదులుతాయి గానీ స్పర్శ తిరిగొస్తుందని మాటివ్వలేనన్నారు. ఆయన మార్కెట్టుకి వెళ్ళడం మానేశారు. కాఫీ గ్లాసు కాలుతున్నా పట్టుకునే ఉంటున్నారని, నేను చల్లార్చి ఇవ్వడం మొదలుపెట్టాను. నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. బియ్యం కడిగాను, వార్చాను, వడ్డించాను.

మా తమ్ముడు బెజవాడలో కాలేజీలో పనిచేసేవాడు. వాడు మమ్మల్ని చూడ్డానికి వచ్చి ఒక ఉపాయం చెప్పాడు. ఉత్తరాది వ్యాపారులకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాయాలి. ఏ తోటలో ఏ కాయ ఉంది, లారీ ఎప్పుడు బయలుదేరుతుంది, ఇలాంటివి. మా చుట్టుపక్కల రైతుల్లో, దళారుల్లో అలా రాయగలిగేవాళ్ళు తక్కువ. మా ఆయనకి వచ్చు. కానీ పెన్ను వేళ్ళల్లోంచి జారిపోతోంది.

"కంప్యూటరైతే పెన్ను పట్టుకోనక్కర్లేదక్కా. బటన్లు నొక్కడమే," అన్నాడు.

ఆ పని కుదిరితే ఆయన ఇంట్లో కూర్చునైనా మామిడి మనిషిగానే ఉంటారు. కుదరకపోతే అరుగు మీద కూర్చునే మనిషైపోతారు. నాకు అర్థమైంది అంతవరకే.

ముగ్గురం బస్సెక్కి బెజవాడ వెళ్ళాం. షాపులో ఏసీ వేసి ఉంది. చెప్పులు బయట వదలమన్నారు. షాపాయన రెండు మిషన్లు చూపించాడు. రెండింటిలోనూ బటన్లున్న పెట్టెలోనే మిషనంతా ఇమిడి ఉంటుందన్నాడు. ఒకటి పలకంత ఉంది, మెత్తటి రబ్బరు బటన్లు. దాన్ని ఇంట్లో టీవీకి తగిలించుకోవాలి. రెండోది పెద్ద పెట్టె. తెర, బటన్లు అన్నీ దానికే ఉన్నాయి. కుట్టుమిషను మూతలా బరువుగా కనిపించింది.

మా ఆయన రెండో దాని పక్కన వేళ్ళతో తట్టారు.

"బావగారూ, అది కాయ కాదండీ, తట్టకండి," అన్నాడు మా తమ్ముడు.

"తట్టకుండా సరుకు కొంటామేంట్రా?"

"పండిందా మరి?"

"నీకంటే నయం."

షాపాయన నవ్వి చిన్న మిషన్లో ఒక ఆట పెట్టాడు. రంగుల రోడ్డు, దాని మీద కారు. బటను నొక్కి పట్టుకుంటే కారు పోతుంది. మా ఆయన నొక్కి పట్టుకున్నారు. కారు దూసుకుపోయింది. ఎదురొచ్చిన లారీని తప్పించి పైకే నవ్వారు. ఆ నవ్వు విని ఎంత కాలమైందో నేను గుర్తు చేసుకోవాలని చూశాను. గుర్తు రాలేదు.

"ఇదే తీసుకుందామండీ," అన్నాను.

"ఉత్తరం కొట్టి చూడనీ," అన్నారు.

ఇంగ్లీషులో డియర్ సార్ అని మొదలుపెట్టారు. మొదటి అక్షరమే తెర నిండా పడింది. వరస తర్వాత వరస, అదే అక్షరం. వేలు ఇంకా బటను మీదే ఉందని ఆయనకి తెలియలేదు. షాపాయన మెల్లగా ఆయన చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ అంతే. తెర వైపు చూస్తే వేలు పక్క బటను మీదకి జారుతోంది, బటన్లు చూస్తే తెర మీద ఏం పడుతోందో తెలియడం లేదు. మా తమ్ముడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత పెద్ద పెట్టె ముందు కూర్చున్నారు. దాని బటన్లు గట్టివి. దిగేటప్పుడు ఒక చప్పుడు, లేచేటప్పుడు ఒక చప్పుడు. ఆయన ఒకటి నొక్కారు. టక్ అంది. తల కొంచెం పక్కకి వంచి వేలెత్తారు. మళ్ళీ టక్ అంది. ఇంకోటి నొక్కారు. డియర్ సార్ అని ఆకుపచ్చ అక్షరాలు తెర మీద నిలబడ్డాయి. ఒక్కటి కూడా ఎక్కువ పడలేదు. వేళ్ళు చెప్పనిది చెవి చెబుతోంది.

"ఇందులో ఆటలున్నాయాండీ?" అని మా తమ్ముడు అడిగాడు.

"బంతిని గోడకి కొట్టే ఆట ఒక్కటేనండీ. రంగులు లేవు."

"బావగారూ, కార్లాట లేదు మరి."

"లారీలకి కాయ ఎక్కించాల్సినవాణ్ణిరా. నాకు కార్లెందుకు?" అన్నారు. అంటూనే ఒకసారి చిన్న మిషను వైపు చూశారు. పెద్ద పెట్టె కట్టించమన్నారు.

ముందుగదిలో బల్ల మీద పెట్టాం. పక్కన ప్రింటరు. మొదట్లో ఆయన ఒక్క ఉత్తరానికి పొద్దున్నంతా కూర్చునేవారు. సాయంత్రం బంతాట ఆడేవారు. బంతి తప్పిపోయేది. నవ్వేవారు కాదు, చిరాకుపడేవారు కాదు, మళ్ళీ మొదలుపెట్టేవారు.

మరుసటి వేసవి కాయ దిగే రోజులొచ్చాయి. ముసునూరు వైపు నుంచి, రెడ్డిగూడెం నుంచి మనుషులు ఉత్తరాల కోసం రావడం మొదలైంది. పని కుదిరింది. అయితే ఆయనకి బటన్ల చప్పుడు వినపడాలి. రేడియో ఆపేశాం. మిక్సీ ఆయన లేచే ముందే వేసుకునేదాన్ని. ఫ్యాను కీచుమంటోందని అది కూడా ఆపించారు. వచ్చినవాళ్ళు అరుగు మీద చెమటలు తుడుచుకుంటూ గుసగుసలాడేవారు.

"ఇది ఇల్లా, గుడా అండీ?" అన్నాడు ఆయన పాత స్నేహితుడు, ఇంకో దళారి.

"గుళ్ళో గంటైనా మోగుతుంది అన్నయ్యగారూ," అన్నాను మెల్లగా.

ప్రింటరు మొదలైతే మాత్రం చెవులు చిల్లులుపడే గోల. అప్పుడు ఆయన కొట్టేదేమీ ఉండదు. అందుకని అందరూ ఆ కాసేపట్లోనే మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. కాగితం కదలగానే అరుగు మీద నుంచి ఒకేసారి అరుపులు లేచేవి. లారీ ఎక్కడ, కాయ ఎంత, పిల్ల పెళ్ళెప్పుడు. కాగితం బయటికొచ్చాక మాట మధ్యలో ఆపేసేవారు. నేను కూడా అంతే. మాత్రలు వేసుకున్నారా, మజ్జిగ కావాలా, అన్నీ అప్పుడే అరిచి అడిగేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం అరుగు మీద ఎవరూ లేరు. ప్రింటరు కదిలింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఎన్నాళ్ళుగానో అడగనిది అడిగాను.

"మీకు భయమేస్తుందా అండీ?"

ఆయన నా వైపు తిరిగి ఏదో అన్నారు. పెదాలు కదలడం చూశాను గానీ వినపడలేదు. అంతలో కాగితం బయటికొచ్చింది. గది నిశ్శబ్దమైపోయింది. మళ్ళీ అడగొచ్చు. అడగలేదు. ఆయనా మళ్ళీ చెప్పలేదు. ఇంకో ఉత్తరానికి తల పక్కకి వంచి మొదటి బటను నొక్కారు. నేను తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వంటింట్లోకి వెళ్ళాను.