నాకే సెప్పు డాక్టరమ్మా

మా అక్క వేములపల్లి దగ్గరి ఊళ్లో గొర్లు కాసేది. అమ్మ నాట్లకు పోతే నన్ను చంకనేసుకుని మంద వెంట తిరుగుతూ పెంచింది తనే. నేను చదువుకుని కోదాడలో టీచర్‌నయ్యాను. అక్క, బావ గొర్లతోనే ఉండిపోయారు.

పోయిన చలికాలంలో అక్కకు కడుపులో నొప్పి మొదలైంది. తిండి సయించక మనిషి సగమైపోయింది. మిర్యాలగూడ దవాఖానలో స్కానింగులో గడ్డ కనబడితే, దాని నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు అక్కను బయట బెంచీ మీద కూర్చోమని, బావనూ నన్నూ లోపలికి పిలిచాడు. క్యాన్సరని, కాలేయానికి కూడా పాకిందని నిలబెట్టే చెప్పాడు. "ఆమెకు ఇప్పుడే చెప్పకండి, బెంగ పెట్టుకుంటది" అన్నాడు. మేం బయటికి రాగానే అక్క మా ఇద్దరి మొహాలూ చూసింది. చెప్పులు తొడుక్కుని లేచింది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. వచ్చిన చుట్టాలంతా "ఏం కాదు, ఏం కాదు" అనేవాళ్లు. ఎన్నడూ లేనిది బావ పొద్దున్నే చాయ్ పెట్టి చేతికిచ్చేవాడు. అక్క ఆ గ్లాసు పట్టుకుని ఆయన్నే చూస్తూ కూర్చునేది.

సూర్యాపేటలో క్యాన్సర్ రోగులను చూసే డాక్టరమ్మ ఉందని తెలిసి ముగ్గురం బస్సెక్కాం. గది తలుపు దగ్గర బావ, "నువ్వు గీడ కూసో, మేం మాట్లాడొస్తం" అన్నాడు.

"రోగం నాదా, మీదా?" అంటూ అక్క ముందు నడిచింది.

డాక్టరమ్మ కుర్చీ జరుపుకుని అక్కకు ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఇప్పటిదాకా మీకేం చెప్పారమ్మా?"

"కడుపుల గడ్డ అన్నరు. ఉత్త గడ్డే అయితే ఈళ్లందరు నన్ను గిట్లెందుకు సూస్తున్నరు? నాకే సెప్పు డాక్టరమ్మా. ఆళ్లు సెప్పలేక సస్తున్నరు."

బావ తల దించుకున్నాడు.

"అంతా చెప్పమంటారా?"

"అంత సెప్పు. తెల్వకుంటె ఇంక పరేషాన్ అయితది."

ఆమె మెల్లగా చెప్పింది. క్యాన్సరని, పూర్తిగా నయం చేసే దారి లేదని, నొప్పికి మాత్రం మందులున్నాయని, చివరిదాకా తాను చూసుకుంటానని. ప్రతి మాట తర్వాత కాసేపు ఆగింది. అక్క కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ వింది. చివరికి అడిగింది.

"ఎండకాలం యాసంగి కోతలైనంక మందను మడికట్లల్లకు తోల్తం. గప్పటిదాక ఉంటనా?"

"ఉంటారనే అనుకుంటున్నా. ఆ పైన చెప్పలేనమ్మా."

అక్క ఏడ్చింది. తను అట్లా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. డాక్టరమ్మ ఊరుకోమనలేదు, అక్క చేయి పట్టుకుని కూర్చుంది. కాసేపటికి అక్క కళ్లు తుడుచుకుని బావ వైపు తిరిగింది. "ఇగ నువ్వు గూడ ఏడువయ్యా. ఎన్నాళ్లు దాస్తవ్?"

తిరుగు బస్సులో దారి పొడుగునా మాట్లాడింది. తన వెండి కడియాలు నాకే అంది. చావంటే కాదు, నొప్పంటేనే భయమంది. వేములపల్లిలో దిగబోతూ, "ఆదివారం ఆదివారం వస్తవా సెల్లె?" అని అడిగింది.

ఆదివారాలన్నీ వెళ్లాను. కోతలైన పొలాల్లో గొర్లు మేస్తుంటే, కాలువ గట్టున తుమ్మచెట్టు కింద బావ నులక మంచం వేసేవాడు. మందు పనిచేసిన పూట అక్క నా ఒళ్లో తల పెట్టుకుని పడుకునేది. ఏదైనా గొర్రె మంద విడిచి పోతే పడుకున్న చోటి నుంచే గొంతెత్తి అదిలించేది. అది టక్కున వెనక్కి తిరిగేది. అక్క నవ్వేది. నొప్పి లేచిన పూట నా మణికట్టు గట్టిగా పట్టుకునేది. ఇప్పుడెవరూ నన్నంత గట్టిగా పట్టుకోరు.

తొలకరి పడకముందే పోయింది.

బడిలో మధ్యాహ్నం అన్నం డబ్బా తీసే వేళకు అక్క ఫోన్ చేసేది. "ఏం కూర తెచ్చుకున్నవ్?" అనడిగేది. ఏది చెప్పినా, "ఉప్పు తక్కువేసుంటవ్ తియ్" అనేది. ఇప్పుడా వేళకు తోటి టీచర్లు వాళ్ల ఇళ్ల సంగతులు చెప్పుకుంటుంటే వింటూ తింటాను. నిన్న బీరకాయ వండుకుని పోయాను. ఎవరూ అడగలేదు. అక్కకు చెప్పాలనిపించింది.