మా మీదుగా పోయిన విమానం

అమ్మ పోయినప్పుడు మా ఇంట్లో అందరూ విమానం లెక్కలే వేశారు. పూణె నుంచి హైదరాబాదుకు ఎంత దూరం, ఎంతసేపు? విమానం మొహం చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పేవాళ్లు మాత్రం తలా ఒకరు.

అమ్మకు ఒక్కడే తమ్ముడు, మా మామ. పూణెలో తాపీమేస్త్రి. ఎప్పుడొచ్చినా రాత్రి బస్సెక్కి, తెల్లారి జహీరాబాదులో దిగి, ఇంకో బస్సులో నారాయణఖేడ్ చేరేవాడు. పొద్దటి చాయ్ మా ఇంట్లోనే. అమ్మ సాయంత్రం కన్నుమూసింది. ఎదురింటి కన్నడ సేట్ల దుకాణం నుంచి ఫోన్ చేశాం. "ఈడ మా పనిసేటు విమానం టికెట్ తీసిస్తుండు. రేపు ఎక్కితే గంటల హైదరాబాద్‌ల దిగుత. నేనొచ్చేదాంక అక్కను లేపకుండ్రి" అని ఏడ్చాడు మామ.

మాలో ముత్తైదువ పోతే తల్లిగారింటి చీర కప్పనిదే శవం లేవదు. అది తేవలసింది తోడబుట్టినవాడు.

"బస్సుకు రాత్రంతా పడ్తది, విమానానికి గంటేనట. ఇగ జల్దీ వస్తడు" అన్నాడు బాపు. కులపెద్దలూ తలలూపారు. హైదరాబాదు నుంచి ఖేడ్ రావాలంటే బస్సులో సగం రోజు పోతుందని మాకు తెలియదా? అందరం తిరిగిన దారే. విమానం అనేసరికి ఆ దారే మరిచిపోయారు. ఏం విమానమో, ఏం పాడో!

మర్నాడు మధ్యాహ్నం ఆకాశంలో మోత వినిపించింది. ఏడుస్తున్న ఆడవాళ్లు కూడా తలెత్తారు. అమ్మ ఉన్నప్పుడు ఆ చప్పుడు వింటే చాలు, కందులు చెరిగే చేట ఆపి, "అగో, నా తమ్ముడు పోతుండు" అని నవ్వేది. "నీ తమ్ముడు ఎక్కేది ఎర్రబస్సేనే" అని నేను ఏడిపించేదాన్ని.

బాపు లేచి నిలబడి, "వచ్చిండు బామ్మర్ది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏడ వచ్చిండు బాపు? పట్నం దాంక పోయి, మళ్ల గింత దూరం ఎనుకకు రావాలె!"

అప్పటిగ్గాని ఎవరికీ తట్టలేదు. బాపు నిలబడ్డవాడల్లా కూర్చుండిపోయాడు.

పొద్దు వాలుతోంది. పొద్దుగూకితే దహనం చేయరు. ఇంకో రాత్రి ఉంచుదామంటే ఎండాకాలం. పెద్దలు గొణుక్కుంటుంటే ఎదురింటి సేటమ్మ తన పెట్టెలోంచి మడత విప్పని ఇల్కల్ చీర తెచ్చింది. "నేనే ఈమె తవరుమనె అనుకోండ్రి" అంటూ అమ్మ మీద కప్పింది. తల్లిగారిల్లు అనడానికి వాళ్ల కన్నడం మాట అది. ఎవరూ వద్దనలేదు. ఆ చీరతోనే అమ్మ కాలిపోయింది.

దీపాలు పెట్టే వేళకు మామ వచ్చాడు. చంకలో సంచి, సంచిలో ఆకుపచ్చ చీర. గడప దగ్గరే కూలబడి, "ఎవల చీర కప్పిండ్రు?" అని ఒక్కటే అడిగాడు. చెప్పాం. ఆ తర్వాత ముద్ద ముట్టలేదు.

"ఎప్పటి లెక్క బస్సుల వస్తే ఏమైతుండె మామా?" అని కడుపుమంట ఆపుకోలేక అడిగేశాను.

"జల్దీ వస్త అనుకున్న బిడ్డా" అన్నాడు.

మూడో రోజు కాష్టంలో మిగిలిన బొక్కలు ఏరడానికి మగవాళ్లు పోతుంటే, వద్దన్నా వినకుండా నేనూ వెంట పోయాను. మామ ఆ ఆకుపచ్చ చీరను బూడిద మీద పరిచాడు. అంచు సరిచేస్తూ అమ్మతో మాట్లాడాడు.

"కిటికీలకెల్లి మన ఊరి పక్కన సింగూరు డ్యాం నీళ్లు కనవడ్డయ్ అక్కా. నీ మీదికెల్లే పోయిన. దిగనీకె రాలే."