ఫర్నేస్ ముందే ఆపేశాను

నాలుగేళ్లయింది. ఈ మాట గొంతు దాకా వస్తుంది, మళ్లీ కిందికి దిగిపోతుంది. వీధిలో ఎవరింట్లో ఏం కూరో కూడా చెప్పేసే వాగుడుకాయను నేను. ఇదొక్కటే ఎవరికీ చెప్పలేదు. నా మొహం ఎరగని మీకు చెప్పడమే తేలిక.

ఇంటర్ తప్పి నరసరావుపేటలో ఒక కాలేజీ ల్యాబులో హెల్పరుగా చేరాను. అక్కడ ప్రసన్నక్క పీహెచ్‌డీ చేసేది. నూజెండ్ల వైపు రైతుల పిల్ల. సీరియం అనే లోహంతో కంటికి ఆనని సన్నటి రేణువుల పొడి చేసేది. షుగరు వాళ్ల కాలి పుండ్లను మాననివ్వని విషాన్ని అది విరిచేస్తుందని ఆమె ఆశ.

"అరిసెల పాకమే అనుకోవే. ఎక్కువసేపు కాలిందా, రేణువులు పెద్దవై గుణం చచ్చిపోద్ది," అనేది.

ప్రతి విడత పొడినీ కరెంటు కొలిమిలాంటి ఫర్నేస్‌లో నాలుగు గంటలు కాల్చాలి. పెట్టిన టైము, ఆపిన టైము పుస్తకంలో నేనే రాయాలి. ఒక శనివారం అక్క గుంటూరు వెళ్లింది. పిడుగురాళ్లలో మా పిన్ని కూతురి నిశ్చితార్థం. బస్సు తప్పుతుందని గంటకే ఫర్నేస్ ఆపేశాను. పుస్తకంలో పై విడతకు రాసిన వరసనే కిందా దించేశాను. నాలుగు గంటలు.

ఆ పొడే అందరూ ముక్కున వేలేసుకునేలా పనిచేసింది. అక్క జిలేబీ తెచ్చి నా నోట్లో పెట్టింది. "నీ చెయ్యి మంచిదే," అంది. అప్పుడైనా చెప్పొచ్చుగా? మహా అయితే తిట్టేది. పొగడ్త పోతుందని భయపడ్డానా, ఉద్యోగం పోతుందనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

తర్వాత ఏడాదంతా ఆ పొడినే మళ్లీ మళ్లీ చేసింది. ఒక్కసారీ అలా రాలేదు. నీళ్లు మార్చింది, మందు డబ్బాలు మార్చింది, అమోనియా చుక్కలు పడే వేగం మార్చింది. కాల్చే టైము జోలికి మాత్రం పోలేదు. అది పుస్తకంలో రాసుంది కదా, నా చేతిరాతలో.

ఒకరోజు నన్ను పక్కకు పిలిచింది.

"ఏమే, నిజం చెప్పు. ఆ శనివారం ఏమన్నా తేడా చేశావా? తిట్టను, ఒట్టు."

"లేదక్కా. నాలుగు గంటలూ ఇక్కడే కూచున్నా."

"నువ్వా? నాలుగు నిమిషాలు కుదురుగా కూచోవు గదే!"

నవ్వింది. నేనూ నవ్వాను. నన్ను నమ్మింది. నిద్ర పట్టనిది ఆ నవ్వుకే.

చివరికి అక్కకి గైడుగా ఉన్న సారు అందరి ముందే అన్నాడు: "లేని అంకెలు వండావా అమ్మాయ్?" అక్క పుస్తకం తెరిచి, నా రాతే సాక్ష్యంగా చూపించింది. నేను పక్కనే బీకరు కడుగుతున్నాను. కడిగిందే కడుగుతున్నాను.

ఆ నెలలోనే మానేసి వెళ్లిపోయింది. ఎక్కడో చిన్న బడిలో సైన్సు చెబుతోందట. ఆ పొడి ఎవరి కాలి మీదికీ చేరలేదు. అందుకు ఎవరిని అడగాలి క్షమాపణ? ఆమెనా, పేరు తెలియని ఆ పుండ్ల వాళ్లనా? అడిగే మొహం ఉందా నాకు?

ఆమెకు ఈ సంగతి చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. మీకైతే చెబుతున్నాను. ఆ పొడి ఒక్క గంటే కాలింది. ప్రసన్నక్క ఏ అంకెనూ వండలేదు. అబద్ధం రాసింది నేను.

ఇంతే. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.