ఎనిమిది చక్రాల బండి

మొన్న రాజమండ్రి షోరూములో మా అమ్మాయి చేతికి కొత్త స్కూటీ తాళాలు ఇవ్వబోతే, అది తీసుకోలేదు. బండిని స్టాండెక్కించి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పి, చెవి దగ్గరపెట్టి వింది. "కొత్త బండేనండి" అంది షోరూములో పనిచేసే అమ్మాయి కాస్త నొచ్చుకుని. నాకు నవ్వొచ్చింది. అనుమానం మా ఇంట్లో వంశపారంపర్యం. ఆ చెవి పెట్టి వినడం మాత్రం నా దగ్గర నేర్చింది కాదు, దాని వెనక వేరే కథ ఉంది. పక్కనే నిలబడ్డ మా అమ్మ ఆ చక్రం వంక చూడకుండా, గోడ మీది బొమ్మల్ని మహా శ్రద్ధగా చూస్తోంది. అంటే ఆవిడకీ ఆ కథే గుర్తొచ్చిందన్నమాట.

నేను రావులపాలెంలో అరటిగెలల వ్యాపారిని. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశానని మా అమ్మ అంటుంది గాని, బడే నన్ను మానేసిందని నా వాదన. చదువు రాకపోయినా మార్కెట్టు నాకొక పాఠం చెప్పింది: గెలని ముందువైపు చూసి కొనకు, తిప్పి చూడు. అప్పట్నుంచీ గెలల్నే కాదు, మనుషుల్ని కూడా తిప్పి చూడ్డం అలవాటైంది. పెళ్లిచూపులనాడు మా మామగారు పెట్టిన జీడిపప్పు పకోడీని విరిచి లోపల చూశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మా పిల్ల హైస్కూల్లో ఉండగా స్కేటింగులో పడింది. ఊరికే గుండ్రంగా తిరిగేది కాదు, పందేలు వేసుకుని పరిగెత్తేది. తెల్లవారుజామున సర్వీసు రోడ్డు మీద అది పరుగు, వెనకాల మోపెడ్ మీద నేను. నా మెడలో తువ్వాలు, హ్యాండిలుకి నీళ్ల సీసా, సంచిలో అరటిపళ్లు. మిగతావన్నీ తీసుకునేది గాని అరటిపండు ముట్టేది కాదు. వ్యాపారస్తుడికి అంతకన్నా అవమానం ఉంటుందా?

ఆదివారాలు రాజమండ్రిలో శిక్షణ. అక్కడికి తణుకు నుంచి ఒకాయన తన కూతుర్ని తీసుకొచ్చేవాడు. ఆ అమ్మాయి, మా అమ్మాయి ఒకరికొకరు తీసిపోరు. ఆయన మహా మర్యాదస్తుడు. మాటకి ముందొక అండి, వెనకొక అండి. అంత మర్యాద ఎదురైతే మా మార్కెట్లో ముందు కాటా సరిచూసుకుంటాం. పైగా ఆయన చేతిలో ఎప్పుడూ ఒక జిప్పు సంచి. దాన్ని ఎవరి ముందూ తెరవడు. ఒకరోజు నేను టీ తాగి వచ్చేసరికి, గట్టు మీద పెట్టిన మా పిల్ల స్కేట్ల దగ్గర గొంతుక్కూర్చుని చక్రాన్ని వేలితో కదిపి చూస్తున్నాడు. నన్ను చూసి లేచి, ఎండ బాగా ముదిరిపోయిందండి అని వెళ్లిపోయాడు. అంతే, ఆనాటి నుంచి ఆ స్కేట్లు ఇంట్లో నా మంచం కిందికి చేరాయి. దొంగ బయటినుంచే వస్తాడనుకున్నాను మరి.

రాష్ట్ర పోటీలకి ఎంపిక జరిగే రోజు వచ్చింది. మొదటి ఇద్దరికే పిలుపు. మా పిల్ల ఏడాదంతా నిద్ర మానుకున్నది ఆ రోజు కోసమే. ఒళ్లు వేడెక్కించుకోవడానికని రింకులోకి దిగి, సగం చుట్టు కూడా తిరక్కుండానే వెనక్కొచ్చేసింది. మొహం పాలిపోయింది. "నాన్నా, చక్రాలు పట్టేస్తున్నాయి" అంది. వేలితో తిప్పితే కరకరమని ఆగిపోతున్నాయి. నేను తిన్నగా తణుకాయన దగ్గరకెళ్లాను.

"ఏవండీ, మొన్న మా పిల్ల స్కేట్లు ఎందుకు పట్టుకున్నారు?"

"ఒక చక్రం వదులుగా ఉన్నట్టు అనిపించిందండి. చెబితే మీరేమనుకుంటారోనని ఊరుకున్నానండి" అన్నాడాయన.

అని, నేను వద్దంటున్నా వినకుండా వచ్చి కూర్చుని ఒక చక్రం ఊడదీశాడు. లోపలి బేరింగు తుప్పెక్కి, పసుపూ కుంకం కలిసి ముద్దకట్టి ఉంది. ఆ ముద్దలోంచి ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకుని, "నిమ్మగింజలా ఉందండి" అన్నాడు. పోటీ చూస్తానని మాతో వచ్చి మెట్ల మీద కూర్చున్న మా అమ్మ వైపు అందరం ఒక్కసారే తిరిగాం. ఆవిడ పమిట సర్దుకుంది. ముందురోజు నేను మార్కెట్టుకెళ్లిన వేళ మంచం కింది స్కేట్లు తీసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, చెంబుడు నీళ్లతో కడిగి, తుడవకుండా మళ్లీ అక్కడే పెట్టేసిందట.

"లారీకి ఆరు చక్రాలే ఉంటాయి, దానికి పూజ చేయించట్లేదా? దీనికి ఎనిమిదున్నాయి. బండి కాదేంటిరా ఇది?" అంది.

మైకులో మా పిల్ల పేరు పిలుస్తున్నారు. తణుకాయన ఆ జిప్పు సంచి తెరిచాడు. నిండా చక్రాలు, బేరింగులతో సహా. ఇవి వేసుకోమన్నాడు. నా చెయ్యి ముందుకి రాలేదు. పోటీకొచ్చిన పిల్లకి ఎవరైనా ఊరికే చక్రాలిస్తారా? ఎందుకిస్తున్నారని మొహం మీదే అడిగేశాను.

"మీ అమ్మాయి వెనకాల తరుముకొస్తేనే మా అమ్మాయి పరిగెడుతుందండి. లేకపోతే వట్టి బద్ధకం" అన్నాడు. అందులో కాస్త స్వార్థం కనబడింది కాబట్టి నమ్మాను. నమ్మాను గాని, ఒక చక్రం తీసి ఇటూ అటూ తిప్పి చూడకుండా ఉండలేకపోయాను.

"అనుమానం తర్వాత పడుదువుగాని, ముందు ఆ చక్రం ఇటివ్వు నాన్నా" అంది మా పిల్ల. ఇద్దరు తండ్రులం నేల మీద కూర్చుని మరలు బిగిస్తుంటే, తణుకు అమ్మాయి ఒక్కో చక్రాన్నీ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, సరే అంటూ వచ్చింది. మా అమ్మాయి అది చూస్తూ కూర్చుంది.

తణుకు అమ్మాయి మొదట వచ్చింది, జానెడు తేడాలో మాది రెండోది. ఇద్దరికీ పిలుపొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, సరిగ్గా రెండో స్థానం వచ్చేలాంటి చక్రాలు చూసి ఇచ్చాడేమోనే అన్నాను. "దేవుడొచ్చి ప్రసాదం పెట్టినా వాసన చూసే తింటావు నువ్వు" అని కిటికీ వైపు తిరిగి నిద్రపోయింది, ఒళ్లో స్కేట్లు పెట్టుకుని.

షోరూములో మా అమ్మ ఇంక ఉండబట్టలేక చేతిసంచిలోంచి నిమ్మకాయలు తీసింది. మనవరాలు వాటిని తనే అందుకుని, ఇరుసుకి తగలకుండా టైర్ల కింద జాగ్రత్తగా పెట్టి, "పసుపు మాత్రం అద్దానికి రాయి, చక్రాలకొద్దు నాయనమ్మా" అని, బండెక్కి వెళ్లిపోయింది. వెనక మోపెడ్ మీద వెళ్లాల్సిన పని ఇప్పుడు నాకు లేదు. నలిగిన కాయలు చూస్తూ అక్కడే నిలబడ్డాను. నిమ్మగింజ ఎన్ని చక్రాలకైనా అడ్డం పడుతుంది గాని, కాలచక్రంలో ఇరుక్కుని దాన్ని ఆపే గింజని ఇంకా ఏ చెట్టూ కాయలేదు.