డబ్బాల మోతకు తాయమ్మ చెవే

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తాయమ్మ చెవికున్న మర్యాద మేనేజరు సంతకానికి కూడా లేదు. మూతలు బిగించి చల్లార్చిన డబ్బాలను ఆమె చిన్న ఇనుప కమ్మీతో తట్టేది. కణ్‌మంటే మంచిది. దబ్‌మంటే లోపలికి గాలి చేరిందని, గుజ్జు పులుస్తుందని అర్థం. ఇరవై రెండు సీజన్లుగా ఆ కుర్చీ ఆమెదే. పెనిమిటి పోయాక ఇల్లు నిలబెట్టింది కూడా ఆ చెవే.

అంత గొప్ప చెవిని ఊరికే వదిలేస్తుందా? రోజూ పొద్దున్నే జడపిన్నుతో లోపలిదాకా తవ్వేది. ఎవరైనా వద్దంటే, "నా సెవి, నా పిన్ను, నీకేం నొప్పి?" అనేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఈ జూన్‌లో ఒక సోమవారం తలంటుకుని వచ్చేసరికి కుడి చెవి దిమ్మెక్కిపోయింది. ఆ రోజు మూడు చెడ్డ డబ్బాలు ఆమె చేతిమీదుగా దాటిపోయాయి. నిన్నగాక మొన్న చేరిన సూపర్‌వైజర్ నరేంద్ర అందరి ముందే అనేశాడు.

"వయసైపాయెలే అక్కా. సెవుడొచ్చినాక తట్టి ఏం లాభం? రేపట్నించి మామిడి తొక్కలు తీసే కాడికి పో."

తాయమ్మకు ఒళ్లు మండింది. "సెవుడు నీ తాతకు! పది దినాలు టైమియ్యి. ఈలోగా ఆ కుర్చీలో ఇంకెవురన్నా కూసున్నారో, ఊరుకోను సూడు!"

తొక్కల దగ్గర ఆడవాళ్లు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసుకోమన్నారు. ఆమె ఎవరి మాటా వినక బస్సెక్కి, చిత్తూరులో చెవి డాక్టరు మోహన దగ్గరికి పోయింది. "నాకు సెవుడొచ్చిందా లేదా, ఒక్క మాట సెప్పు తల్లీ."

డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది. "చెవుడు కాదు, గులిమి. అది మురికి కాదమ్మా, చెవికి కావలి. దుమ్మును పట్టేసి, దానంతటదే మెల్లగా బయటికొచ్చేస్తుంది. నువ్వు పిన్నుతో లోపలికి కూరినావు. నీళ్లు తగిలి ఉబ్బింది."

తాయమ్మ జడలోని పిన్ను తడుముకుంది. ఇన్నేళ్లూ తన కూటికి తానే అడ్డం పడుతూ వచ్చిందా! సిగ్గూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

కర్ణభేరికి చిల్లు లేదని చూసుకున్నాకే డాక్టరమ్మ చుక్కల మందు రాసింది. ఐదు రోజులకు గులిమి మెత్తబడితే పరికరంతో తీసేసింది. "ఇంక పిన్నూ వద్దు, బడ్సూ వద్దు, నూనే వద్దు. బయట గుడ్డతో తుడుచుకో, చాలు. నొప్పి పుట్టినా, చీము కారినా నా దగ్గరికి రా."

తాయమ్మ నేరుగా ఫ్యాక్టరీకి వచ్చి నరేంద్ర ముందు నిలబడింది. "పెట్టు పరీక్ష."

అతను ఇరవై డబ్బాలు వరసగా పెట్టించాడు, మధ్యలో రెండు చెడ్డవి కలిపి. ఆమె తట్టుకుంటూ పోయి మూడింటిని పక్కకు తీసింది.

"నేను కలిపింది రెండే అక్కా" అన్నాడు నరేంద్ర, నవ్వుతూ.

"కోసి సూడప్పా."

మూడోది కోశారు. పులిసిన వాసన గుప్పుమంది. నరేంద్ర ముక్కు మూసుకుని, "సరే, రేపట్నించి నీ కుర్చీకి రా" అన్నాడు.

"రేపెందుకు? ఈ పొద్దు డబ్బాలు ఎవురు తడతారు, మీ నాయనా?" అంటూ తాయమ్మ కమ్మీ అందుకుని కూర్చుంది.