పెళ్లి గుర్రం ఎక్కిన కాళ్లు

మా తమ్ముడి కూతురు కరుణకు గుర్రం మీద కూర్చోవడం రాదని ఒక స్వారీ శిక్షకుడు తేల్చేశాడు. ఆ మాట అతని ముఖం మీదే కాదనడానికి, తొంభైల్లో ఒక ఆదివారం మల్కాజిగిరి నుంచి బయల్దేరాను. నాచారంలో తమ్ముడింట్లో టీ తాగి, ముగ్గురం ఉప్పల్ దాకా సిటీ బస్సులో, అక్కడి నుంచి మట్టిదారిలో స్వారీ క్లబ్బు మైదానం దాకా ఆటోలో వెళ్లాం. వాన పడితే ఆ మట్టిదారిలోకి ఆటోవాళ్లు రారు, నడవాల్సిందే.

తమ్ముడు పెళ్లి ఊరేగింపులకు గుర్రం తోలుతాడు. కరుణ స్వారీ నేర్చింది దాని మీదే. మఖ్మల్ గద్దె మీద పెళ్లికొడుకు కుర్చీలో కూర్చున్నట్టే వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపుతాడు. క్లబ్బులో కరుణ నేర్చుకుంటున్న డ్రెస్సాజ్ అనే స్వారీ పోటీ దీనికి పూర్తిగా ఎదురు. అందులో దూకించడం ఉండదు, నడకలో, మలుపులో గుర్రం మీద అదుపు చూపించాలి. రౌతు చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. ఆ రోజు అలా కూర్చోవడం కుదరకపోతే పోటీ జట్టులోంచి కరుణ పేరు తీసేస్తారు.

"పెళ్లి గుర్రాల అలవాటు మేడమ్. వీళ్లకు పోదు," అన్నాడు శిక్షకుడు.

పిల్లకు ఇచ్చింది దూకే పోటీల జీను. దాని పక్కరెక్కలు ముందుకు వంగి, మోకాలిని అటే లాగుతాయి. రెక్కలు నిటారుగా దిగే డ్రెస్సాజ్ జీను సభ్యుల పిల్లలకు మాత్రమేనట.

"తప్పు జీను ఇచ్చి తప్పుగా కూర్చుందంటారా? ఆ జీను వేయించి, అప్పుడు మాట్లాడండి," అన్నాను.

"అక్కా, జర మెల్లగ. ఎల్లగొడ్తరు మనల్ని," అని తమ్ముడు గొణిగాడు.

జీను మారింది. ఒక చుట్టు తిరిగేసరికి కరుణ కాళ్లు మళ్లీ ముందుకే వచ్చాయి. శిక్షకుడు నావైపు చూసి నవ్వాడు. నేను నోరు తెరిచేలోపే కరుణ గుర్రాన్ని ఆపింది.

"అత్తమ్మా, నువ్వు జర ఊకో. జీనుది సగమే తప్పు. రికాబులను ముందుకు తన్నిపట్టి కూసునుడు నాకే అలవాటైంది."

కాళ్లు పెట్టే ఆ రికాబులు రెండూ ఎత్తి గుర్రం మెడకు అడ్డంగా వేసింది. తన్నిపట్టడానికి ఏమీ లేక కాళ్లు తమ బరువుకే కిందికి దిగాయి, నడుము నిలిచింది. మలుపులో గుర్రం ఎక్కడా తడబడలేదు.

"పేరు ఉంచుతున్నాను. జీను కూడా ఇదే," అన్నాడు శిక్షకుడు.

"అందరికీ ఇదే అని బోర్డు మీద రాయించండి," అన్నాను. తమ్ముడు తల పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో వాడు, "ఇగ పెండ్లికొడుకులను గూడ నిటారుగ కూసోమంటవా బిడ్డా?" అని అడిగాడు.

"వాళ్లు పడకుంటే సాలు నాయినా," అంది కరుణ.

అలవాటు మా ఇంటిదే, ఒప్పుకుంటాను. దాన్ని మార్చుకోవడం కరుణ పని, ఆమె చేసింది. సరైన జీను ఇవ్వడం వాళ్ల పని, గొడవపడితే తప్ప చేయలేదు. 'వీళ్లకు పోదు' అన్న ఆ మాట మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. మీ పిల్లలను స్వారీకి తీసుకెళ్తే, ఎలా కూర్చున్నారో శిక్షకుడు చెప్పేలోపే, దేని మీద కూర్చోబెట్టారో అడగండి.