చినబాబుగారి ఎర్ర ఫోను

నిన్న పొద్దున రామచంద్రపురంలో నా జిరాక్సు షాపు షట్టరు ఎత్తుతుంటే, పోయి మూడేళ్లయిన మనిషి గొంతు వినిపించింది. ఆటో మీద మైకు కట్టి, చినబాబుగారి పాత ఉపన్యాసం పెట్టి వీధులన్నీ తిప్పుతున్నారు. "మీ పని నా పని అండి. ఒక్క ఫోను, అంతేనండి" అంటున్నారాయన. 'అండి' దగ్గర గొంతు కాస్త దించే ఆ అలవాటు టేపులోనూ అలాగే ఉంది. ఆటో వెనక ఆయన కొడుకు బొమ్మ. ఈసారి ఎన్నికల్లో నిలబడేది ఆ అబ్బాయి. నాకు కోపం వచ్చింది. సగం ఎత్తిన షట్టరుని మళ్లీ కిందికి లాగేసి, ఆటో వెళ్లాక తెరిచాను. మధ్యాహ్నం ఆ కొడుకు తాలూకు మనుషులిద్దరు షాపుకి వచ్చి, సంస్మరణ సంచిక వేస్తున్నామని చెప్పారు. "మీరు ఆయన దగ్గర ఎనిమిదేళ్లు చేశారు కదండీ. ఒక పేజీ రాసివ్వండి. మంచి మాటలు రాయండి" అన్నారు. రాస్తానన్నాను. ఇదే ఆ పేజీ. వాళ్లు వేసుకోరని నాకు తెలుసు.

ఆయన్ని చూడనివాళ్ల కోసం మొదటి నుంచీ చెప్పాలి. చినబాబుగారి తండ్రిని మేమంతా పెదబాబుగారు అనేవాళ్లం. ఆయన చాలాకాలం ఎమ్మెల్యే, కొన్నాళ్లు మంత్రి. ఆయన పోయాక ఇల్లూ, కొబ్బరితోటలూ కొడుక్కి వచ్చినట్టే సీటు కూడా వచ్చింది. అది తొంభైల మొదట్లో. నేనప్పుడు ఇంటర్ తప్పి టైపు నేర్చుకుంటున్నాను. మా ఇన్‌స్టిట్యూట్‌కి బహుమతులివ్వడానికి వచ్చిన చినబాబుగారు నేను కొట్టిన కాగితం చూసి, "ఒక్క తప్పు లేదే. రేపట్నుంచి మా ఇంటికొచ్చేయమ్మా, జనం అర్జీలు కొట్టిపెడుదువుగాని" అన్నారు. ఆడపిల్ల నాయకుల ఇంట్లో పనికెళ్లడమేంటని అమ్మ సణిగింది. నాన్న మాత్రం పొంగిపోయాడు. మాది కౌలు సేద్యం. మా నాన్న జీవితంలో ఏ ఆఫీసులోనూ ఆయనకి కుర్చీ చూపించినవాడు లేడు.

పని నేర్పింది చినబాబుగారే, కాదనను. మొదటి వారంలో నేను రాసిన ఒక అర్జీ చదివి కాగితం వెనక్కి తోశారు. "ఏంటమ్మా రత్నం ఇది? ఇంత ఏడుపు రాశావు, వాళ్లకి కావల్సిందేంటో ఎక్కడుంది? ఎవరు, ఏ ఊరు, ఏం కావాలి. అది ముందు చెప్పకపోతే ఏ ఆఫీసరూ కిందదాకా చదవడు" అన్నారు. ఈ రోజుకీ నేను అర్జీ రాసేది అలాగే. ఇంకోటి, ఆయన జ్ఞాపకశక్తి. ఏడాది కిందట ఒకసారి వచ్చినవాణ్ణి కూడా గుమ్మంలో చూసి పేరు పెట్టి పిలిచేవారు, గేదె ఈనిందా అని అడిగేవారు. పక్కనుంచి ఎవరూ అందించక్కర్లేదు. ఆ మనిషి మొహం వెలిగిపోయేది. పూర్తిగా చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. కాకపోవడమే నా మంట.

ఆయన బల్ల మీద రెండు ఫోన్లుండేవి, ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. ఎర్రది పెదబాబుగారు మంత్రిగా ఉన్నప్పుడు వేయించింది. దాంట్లో మాట్లాడితే నేరుగా హైదరాబాదులో పెద్దవాళ్లే ఎత్తుతారని మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నమ్మకం. చేరిన రెండో నెలలో బల్లగుడ్డ మార్చబోతూ చూశాను: ఎర్రఫోను తీగ బల్ల వెనక్కి వెళ్లి, గోడ దాకా కూడా పోకుండా చుట్టచుట్టి ఉంది. పాడైపోయిందేమో, లైన్‌మన్‌కి కబురు చేయనా అని అడిగాను. ఆయన తలుపు వైపు చూసి నెమ్మదిగా అన్నారు. "నాన్నగారు పోయాక ఆ లైను తీసేశారమ్మా. ఫోను కూడా తీసేస్తే, ఈ ఇంట్లో పెద్దాయన లేరని జనానికి ఆ రోజే తెలిసిపోతుంది. ఇక్కడ చూసింది ఇంటి దగ్గర చెప్పకు."

చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానుతుందని అందరికీ నిరూపించాలనుకున్నాను కాబోలు. రోజూ పొద్దున్నుంచి జనం వచ్చేవారు. కంట్రాక్టర్లకీ, బంధువులకీ, పార్టీ పెద్దలకీ నల్లఫోను. పింఛను ముసలమ్మలకీ, రోడ్డు అడిగే ఊళ్లకీ, బదిలీ కోసం ఏడ్చే పంతుళ్లకీ ఎర్రఫోను. ఆయన దాన్ని ఎత్తి, "నమస్కారమండి, నేనే" అని మొదలుపెట్టి, అవతలివాళ్లు మాట్లాడుతున్నట్టు ఆగి, తలూపి, ఒక్కోసారి కోప్పడి కూడా పెట్టేసేవారు. వచ్చినవాళ్లకి అరచేతిలో వైకుంఠం కనిపించేది. పని జరగకపోతే అవతలి ఆఫీసర్ని తిట్టుకునేవారు తప్ప ఈయన్ని ఒక్కరూ అనుమానించలేదు. పైగా గుమ్మంలో నన్ను పట్టుకుని, "అమ్మా, మాది ఎర్రదాంట్లో చెప్పేలా చూడమ్మా" అని బతిమాలేవారు. చూస్తానండి అనేదాన్ని. ఇంత అన్యాయపు మాట నోరు తడబడకుండా ఎన్నిసార్లు అన్నానో.

మా ఊరి మురుగుకాలువ గోదావరి పాయలో కలిసేచోట ఒక తూము ఉంది. దాని ఇనపతలుపు తుప్పుపట్టి సగంలో బిగుసుకుపోయింది. ఏరు పొంగితే నీళ్లు వెనక్కి తన్ని చేలల్లోకి వస్తాయి. తలుపు మార్చాలంటే వేసవిలో కాలువలు కట్టేసిన ఆ కొద్ది వారాల్లోనే మార్చాలి. మళ్లీ నీళ్లు వదిలారంటే ఆ ఏటికి ఇక ఆశ లేదు. ఒక వేసవిలో నాన్న, ఇంకో నలుగురు రైతులు ఉతికిన పంచెలు కట్టుకుని చినబాబుగారి దగ్గరికి వచ్చారు. "మన రత్నం వాళ్ల నాన్నగారా? రండి, కూర్చోండి" అని ఆయన నా ఎదుట మా నాన్నని కుర్చీలో కూర్చోబెట్టారు. చెప్పిందంతా విన్నారు. తర్వాత, నా కళ్లతో నేను చూశాను, నల్లఫోను మీద చెయ్యి వేశారు. "డ్రైనేజీ ఇంజనీరుగారి నంబరు చెప్పమ్మా" అన్నారు. నాకు ప్రాణం లేచివచ్చింది. నంబరు చెప్పడం మొదలుపెట్టాను.

నాన్న కుర్చీలోంచి లేచాడు. తువ్వాలు చేతిలోకి తీసుకుని, "బాబుగారూ, ఏమీ అనుకోకండి. ఆ నల్లదాంట్లో వద్దండి. పెదబాబుగారి రోజుల్నుంచీ మా ఊరు మీ ఇంటికే ఓటేస్తోందండి. మాది ఎర్రదాంట్లో చెప్పండి" అన్నాడు. మిగతా నలుగురూ తలలూపారు. చినబాబుగారు ఒక్క క్షణం నా వైపు చూశారు. పెదవి చివర చిన్న నవ్వు. "సరే, మీ మాటే కానివ్వండి" అని నల్లది వదిలేసి ఎర్రది ఎత్తారు. "నమస్కారమండి, నేనే. నీళ్లు వదిలేలోపు తూము తలుపు మారిపోవాలని మా ఇంజనీరుకి గట్టిగా చెప్పండి. మా రత్నం వాళ్ల ఊరండి అది" అన్నారు. ఆ అబద్ధంలో నా పేరు కూడా కలిపారు. నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. నల్లదాంట్లోనే చెప్పించుకో నాన్నా అంటే సరిపోయేది. అనలేదు. నాన్న వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి వేసి వెళ్లాడు.

వాళ్లు వెళ్లాక, "బాబుగారూ, ఇప్పుడు నిజంగా చేయండి" అన్నాను. "చేద్దాంలే, రేపు గుర్తుచెయ్యి" అన్నారు. మర్నాడు గుర్తుచేశాను. ఆ తర్వాతి వారం ఇంకోసారి చేశాను. మూడోసారి విసుక్కుంటారని ఊరుకున్నాను. ఆయన హైదరాబాదు వెళ్లారు, పార్టీ గొడవల్లో పడ్డారు, కాలువలకి నీళ్లు వదిలేశారు.

ఆ ఏడు నాట్లు వేసిన పదిహేను రోజులకి ఏరు పొంగింది. నాన్న, ఊళ్లో మగవాళ్లంతా గొంతుదాకా నీళ్లలో దిగి తూము దగ్గర ఇసక బస్తాలు వేశారు. ఒక్కటీ నిలవలేదు. చేలు రెండు వారాలు నీళ్లకింద ఉండి కుళ్లిపోయాయి. భూమి ఆసామి మరుసటి ఏడు కౌలు ఇవ్వనన్నాడు. ఇరవై ఏళ్లు దున్నిన చేను వదిలేసి, మా నాన్న రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు మోయడానికి వెళ్లాడు. అయినా ఎవరైనా చినబాబుగారిని ఒక మాటంటే ఊరుకునేవాడు కాదు. "ఆయన తప్పేం లేదండి. నా కళ్లముందే ఎర్రదాంట్లో చెప్పారు. ఆ ఇంజనీరే దొంగ" అనేవాడు. ఏ పాపమూ ఎరగని ఆ ఇంజనీరుని మా ఊరు ఇప్పటికీ తిడుతుంది. ఆ తర్వాతి ఎన్నికల్లో నాన్న చినబాబుగారి జెండా పట్టుకుని తిరిగాడు. నేను ఇంకా ఆ ఇంట్లోనే అర్జీలు కొడుతున్నాను.

ఉద్యోగం మానేసిన రోజు రావులపాలెం వెళ్లి నాన్నకి అంతా చెప్పాను. చొక్కా నిండా అరటిపాల మరకలతో లారీ పక్కన నిలబడి విన్నాడు. చినబాబుగారిని తిడతాడేమోనని ఎదురుచూశాను. చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "మరి ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావుగా అమ్మా" అన్నాడు. అంతే. మళ్లీ బతికున్నన్నాళ్లూ ఆ ఊసెత్తలేదు.

చినబాబుగారు తర్వాత పార్టీ మారారు, ఏడాది లోపు మంత్రిగిరీ చేశారు, ఓడిపోయారు, మంచాన పడ్డారు. చూడటానికి వెళ్తే నన్ను గుర్తుపట్టి, "రత్నం, మీ నాన్నగారు బాగున్నారా? ఆ తూము తలుపు మార్చారా?" అని అడిగారు. అన్నీ గుర్తున్నాయి ఆయనకి. మర్చిపోయి ఉంటే క్షమించేదాన్నేమో. మార్చలేదండి అని చెప్పి వచ్చేశాను. ఎర్రఫోను ఆ గదిలో బల్ల మీదే ఉంది, ఎవరో శుభ్రంగా తుడిచి పెట్టారు. ఇప్పుడది కొడుకు బల్ల మీద ఉందట. ఇంత జరిగినా ఆయన్ని 'గారు' లేకుండా అనలేకపోతున్నాను. నా నోటి మీద కూడా నాకు కోపమే.

నిన్న ఆ ఇద్దరూ వెళ్లాక ఒక ముసలమ్మ వచ్చింది. ఆర్నెల్లుగా పింఛను రావట్లేదట. అర్జీ రాశాను. "ఆఫీసులో ఎవరికైనా ఒక ముక్క ఫోనులో చెప్పమ్మా" అంది. నా సెల్‌ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంచాను. నా షాపులో ఎవరి ఫోనైనా అలాగే చేస్తాను. "అంత గట్టిగా ఎందుకమ్మా, వీధంతా వినపడుద్ది" అంది. "మోగుతోందో లేదో మీరే వినండి" అన్నాను. మోగింది. అవతల ఎవరో హలో అన్నారు. నేను నోరు తెరవలేదు. ఎవరు, ఏ ఊరు, ఏం కావాలి, అన్నీ ఆవిడ చేతే చెప్పించాను.